రాతిలో మసక

పరిశోధకుడు సెప్తిమియుకి కుదురు లేదు. ప్లోయెష్ట్ ఊరి చమురు ప్రయోగశాలలో ఆ పూట కుదురుగా ఉన్నది రాయి ఒక్కటే. అదీ లేదని ప్రయోగశాల పెద్ద స్మరాండా మేడం వాదన.

పెన్సిలంత సన్నటి ఇసుకరాయి. పాత చమురు బావి అడుగునుంచి తెచ్చినవాటిలో మిగిలిన ఆఖరి ముక్క. దాన్ని గొట్టంలో బిగించి, ఉప్పునీరూ నూనే కలిపి పంపుతో లోపలికి తోస్తూ, ఎక్స్‌రే యంత్రంలో గంటసేపు మెల్లగా తిప్పుతూ ఫొటోలు తీస్తారు. అన్నీ కలిపితే రాయి లోపలి సందుగొందులన్నీ తెర మీదికొస్తాయి. నీరు తెల్లగా, నూనె నల్లగా కనిపించాలి. రెండుసార్లు తీస్తే రెండుసార్లూ అక్కడక్కడా మసక. చిత్రం తీయబోతే విచిత్రం వచ్చింది.

"కిటికీ తీశావు కదూ?" అంది మేడం సెప్తిమియుతో.

"జూలై నెల మేడం. ఉడికిపోతున్నాం."

"కిటికీలోంచి సందుగాలి కొట్టింది. మనుషులకే మెడ పట్టేస్తుంది, యంత్రం ఏపాటి?"

ఆ ఊళ్లో పంటినొప్పికీ, నడుంనొప్పికీ, పిల్లాడు తప్పిన లెక్కల పరీక్షకీ సందుగాలే కారణం. పైగా వేడి మారితే యంత్రానికి నిజంగానే పడదు కాబట్టి ఆవిడ మాట కొట్టిపారేయడానికీ లేదు.

యంత్రం నడిపే మనిషి డోరు అందుకున్నాడు. "గాలొక్కటేనా మేడం? వీడి నడకకి రాయి కూడా అదురుతోంది. ఈ గదిలో తిరిగిన తిరుగుడు రోడ్డు మీద తిరిగితే ఈపాటికి బుకారెస్ట్ చేరేవాడు."

"సాయంత్రం రాయి ఇచ్చినవాళ్లకి తిరిగిచ్చెయ్యాలి," అంది మేడం. "ఇంకొక్కసారికే టైముంది. తప్పు నీదని తేలితే సోమవారంనుంచి కింద రాళ్ల గోడౌన్‌కి పో. అక్కడెంత తిరిగినా ఎవరికీ నష్టం లేదు."

ఏడాదిగా ఆ రాయితోనే కాపురం చేస్తున్నవాడికి ఆ మాట రాయి పెట్టి కొట్టినట్టయింది.

"అయితే నేను బయటికి పోతా. కిటికీలన్నీ బిగించుకుని తియ్యండి."

బయట చెస్ట్‌నట్ చెట్ల కింద కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నువ్వులద్దిన కొవ్రిగ్ రొట్టె కొన్నాడు, కొరకలేకపోయాడు. బొమ్మ తేటగా వస్తే తప్పు తనదే, గోడౌన్ ఖాయం. మసకగా వస్తే తను నిర్దోషి, రాయి మాత్రం చేజారినట్టే. దేవుణ్ణి ఏది కోరుకోవాలో కూడా తేలక, కొవ్రిగ్‌ని చేతిలోనే పొడిపొడి చేశాడు.

తిరిగొచ్చేసరికి గది బేకరీ పొయ్యిలా ఉంది. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కారు.

"మసకే," అన్నాడు డోరు చెమట తుడుచుకుంటూ. "తిట్టడానికి నువ్వు కూడా లేవు. వెలితిగా ఉందిరా."

మేడం తెర మీది బొమ్మని పెద్దది చేసి చూస్తోంది. సెప్తిమియు ఆవిడ భుజం మీదుగా వంగాడు.

"మేడం, రాయి కదిలితే ఇసుక రేణువులు కూడా మసకవ్వాలి కదా? వాటి అంచులు చూడండి, కత్తితో కోసినట్టున్నాయి. మసకంతా నూనె ఉన్నచోటే."

"పంపు ఒకే వేగంలో పోతోంది. పీడనం గీత కూడా నిలకడగానే ఉంది," అంది మేడం.

"నిలకడ బయట. లోపల అదే సందులోకి కాసేపు నూనె, కాసేపు నీళ్లు వచ్చిపోతున్నాయేమో. గంటసేపటి ఫొటోలు కలిపితే రెండూ కలిసి బూడిదరంగు."

"ఏమో అంటే ఎలా? చూపించు."

"గంటకి బదులు ఒక్కో నిమిషం తీద్దాం. గరుగ్గా వస్తాయి, పర్వాలేదు."

తీశారు. ఒక సన్నటి సందు మొదటి బొమ్మలో నలుపు. తర్వాతి దాంట్లో తెలుపు. ఆ తర్వాత మళ్లీ నలుపు.

"జీతాల రోజు సారా కొట్టు తలుపులా ఉందే," అన్నాడు డోరు.

మేడం ఫోన్ తీసి రాయి ఇచ్చినవాళ్లకి చేసింది. "ఇవాళ ఇవ్వలేను... పగల్లేదు, బాగానే ఉంది... లేదు, ఇప్పుడు పంపు ఆపడానికి వీల్లేదు."

"మరి సోమవారం?" అడిగాడు సెప్తిమియు.

"ఇక్కడే. ఇవన్నీ ఎవరు చూస్తారు మరి?" ఆవిడ కళ్లు తెరమీదే ఉన్నాయి. "పోయినేడు మసకంతా తప్పనుకుని తుడిచేసి తేటబొమ్మలు పంపించాం కదా, పక్క బావివి."

"పంపాం మేడం."

"అవీ మళ్లీ తియ్యాలి."

డోరు మూలిగాడు. తెరమీద ఆ సందు మళ్లీ తెల్లబడింది.