రా అనే మాట బరువు

పొద్దున అప్పగింతలు అయిపోయిన హెలికాప్టరు సాయంత్రానికల్లా తిరిగొచ్చి, షెడ్డు గుమ్మం ముందర కాళ్ళు కడుక్కుంటోంది. సూపర్‌వైజరు కుళ్ళాయప్ప దానికి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. దాని మెడలో వేసిన బంతిపూల దండ ఇంకా వాడలేదు. ఇది మొదటిసారి కాదు కాబట్టి ఎవరూ పనులు ఆపి చూడటం లేదు.

"మళ్ళీ వచ్చేసినావా తల్లీ," అంటాడు కుళ్ళాయప్ప.

అది తడికాళ్ళతో లోపలికి నడిచి తన మూలన తాను నిలబడుతుంది.

ఆ ఫ్యాక్టరీ చెట్టూ చేమా లేని ఎర్రమిట్ట మీద ఉంది. మన దేశంలో, మన చేతులతో, మన మిలిటరీ కోసం చేసిన హెలికాప్టరు అది. మనిషినీ మోస్తుంది, మూటనూ మోస్తుంది. చేయడం ఎప్పుడో అయిపోయింది, అప్పగించడమే కావడం లేదు. రేపంటారు, ఎల్లుండంటారు, పేపర్లో ఫోటోలు వేస్తారు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే! నన్నడిగితే ఆ గొంగళైనా ఈపాటికి ఒకసారి పక్కకు జరిగి ఉండేది.

ఉరుకుందమ్మ కుట్టుమిషను వెనక నుంచి ఇదంతా చూస్తోంది. ఆమె అక్కడ సీట్ల బెల్టులు కుడుతుంది. తక్కినవాళ్ళకు ఆ హెలికాప్టరు వెళ్ళినా ఒకటే, ఉన్నా ఒకటే. ఆమెకు అలా కాదు. ఆమె మొగుడు వన్నూరప్ప సిపాయి. గాలి పల్చబడే మంచుకొండ మీద కాపలా పోస్టులో ఉన్నాడు. అక్కడికి పోయే దావ మంచులో పూడిపోయింది. పాత హెలికాప్టర్లకు అంత ఎత్తు ఎక్కే ఊపిరి లేదు. ఈ కొత్తది అక్కడ దిగితేనే వన్నూరప్ప ఇల్లు చేరేది.

ఈ సంగతి కాలనీలో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా "వన్నూరప్ప కొండెక్కినాడు" అని ఎవరూ అనరు. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం కదా మనం, అందుకని. ఉరుకుందమ్మ ఇంట్లో ఈ మర్యాద తిరగబడింది. దీపం ఆరితే ఆమె "ఆరిపోయింది" అనే అంటుంది. కొండ మాట మాత్రం ఎత్తదు.

ఆలస్యమయ్యే కొద్దీ ఆమె ఇంట్లో మంచం వెడల్పవుతోంది. మొగుడు పడుకునే పక్క కొంచెం కొంచెంగా దూరం జరుగుతోంది. మొదట వంటింట్లోకి పోయింది, అక్కడి నుంచి పెరట్లోకి, ఇప్పుడు అతని దిండు పక్కింటి మారెక్క బట్టలారేసే తీగ కింద ఉంది. ఉరుకుందమ్మ రోజూ పనికి పోయే ముందు అంతదూరం నడిచి దుప్పటి సరిచేసి వస్తుంది.

"మీ ఆయన దిండు పక్కన మిరపకాయలు ఆరబోసుకోనా మే?" అని అడుగుతుంది మారెక్క.

"ఆరబోసుకోక్కా. ఆయనొస్తే తీసేద్దువులే."

అని ఇంట్లోకి వచ్చి తలుపేసుకుంటుంది. ఏడుపు రాదు. ఏడవడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా! ఒంటరితనం అనేది మనిషికి రాకూడని రోగం, వచ్చిందంటే మందు లేదు.

ఆదివారం మధ్యాహ్నం ఫోను మోగుతుంది. ఆమె చెవి దగ్గర పెట్టుకోగానే అందులోంచి మంచు రాలుతుంది. చీర పాడవకుండా ఒడిలో పళ్ళెం పెట్టుకుని మాట్లాడుతుంది.

"తిన్నావా మే?" అంటాడు వన్నూరప్ప.

"తిన్నా. నువ్వో?"

"ఆఁ. మీ బండి నిన్న గూడా కనపడింది. సగం దావ వచ్చింది. నేను బయటికొచ్చి చెయ్యి ఊపినా. ఆడికాడికే తిరుక్కునింది."

"నిన్ను చూసిందా?"

"చూసే ఉంటాది. ఎవురో ఎనక నుంచి పిలిచినట్ల తిరిగింది."

పళ్ళెం నిండిపోతుంది. ఫోను కట్టవుతుంది. ఆమె ఆ మంచును తులసి మొక్కకు పోస్తుంది.

ఇక యోగ్యత ఆఫీసరు అనంతశయనం గారి సంగతి. కోస్తా వైపు మనిషి, మెత్తని మనిషి. ఏ బండి ఎంత ఎత్తుకు ఎంత బరువుతో పోవచ్చో చూసి ముద్ర వేసేది ఆయనే. ఆయన ముద్ర పడనిదే, పరీక్షకు తప్ప, ఏదీ ఎగరడానికి లేదు. ఆయన గదిలో ఈగలు కూడా బల్ల మీద నడుచుకుంటూ తిరుగుతాయి, పాపం.

ఆయన హెలికాప్టరును కాటా మీదికి ఎక్కిస్తారు. ముల్లు గీత దాటిపోతుంది. ఇంత బరువుతో ఆ కొండ ఎక్కలేదని తేలుస్తారు. సీట్లు విప్పుతారు. ముల్లు కదలదు, మళ్ళీ బిగిస్తారు. రంగు గీకేస్తారు. కదలదు. దాని నీడను కత్తిరించి, మడతపెట్టి బీరువాలో పెడతారు. అయినా ఇసుమంత తగ్గదు. ఆఖరికి అనంతశయనం గారు కళ్ళద్దాలు తీసి, దాని పొట్టకు చెవి ఆనించి చాలాసేపు వింటారు.

"దీని కడుపులో ఏదో మాట ఉందండీ," అంటారు. "పంపేటప్పుడు మీరంతా దీన్ని ఏమని పంపారు?"

"ఏమంటాం సార్, లోకమంతా అనేదే," అంటాడు కుళ్ళాయప్ప. "పోయి రామ్మా అన్నాం."

"ప్రతిసారీనా?"

"బయలెల్లే దాన్ని ఉత్త పో అంటారా సార్ ఎవురన్నా? నోరెట్ల వస్తాది!"

"అదండీ తేడా," అంటారు ఆయన. "పో అనే మాటకు బరువు లేదు. రా అనేదే మోయలేకపోతోంది. సగం దూరం పోయేసరికి దీనికి పో అయిపోతోంది, రా మొదలవుతోంది."

"రమ్మనింది మీరే గదా," అంటుంది హెలికాప్టరు. అది మాట్లాడటం ఇదే మొదలు. గొంతు కాస్త బొంగురుగా ఉంది.

చూశారా మన మర్యాద ఎంత పని చేసిందో! ఇంజను చేసినవాళ్ళు ఇంజను చేశారు, రెక్కలు బిగించినవాళ్ళు బిగించారు. గుమ్మం దగ్గర నిలబడి అందరూ కలిసి నోటితో దాన్ని కట్టేశారు. అందులో తప్పేముంది అంటే తప్పేమీ లేదు. అదే బాధ.

కాబట్టి అందరూ తమ తమ రా ని వెనక్కి తీసుకోవాలని నిర్ణయమవుతుంది. వేరుశెనగ మూటలు తూచే కాటా తెప్పిస్తారు. ఒక్కొక్కరే వచ్చి, నోరు పుక్కిలించి, తమ మాటను అందులో పెడతారు. కుళ్ళాయప్పది గట్టిగా, గుండ్రంగా ఉంది. రంగులేసే వాళ్ళవి జిగటగా ఉన్నాయి. క్యాంటీను ఆమెది ఉల్లిగడ్డ వాసన కొడుతోంది.

ఆ సాయంత్రం నుంచి కాలనీలో ఎవరూ ఎవరినీ పిలవలేకపోతున్నారు. పిల్లల్ని అన్నానికి పిలవాలంటే పళ్ళెం వాయిస్తున్నారు. కుళ్ళాయప్ప తన కుక్క ముందర చేతులూపుకుంటూ నిలబడితే అది దూరం నుంచే తోకాడిస్తోంది తప్ప దగ్గరికి కదలదు.

హెలికాప్టరు ఎక్కిన కాటా ముల్లు మాత్రం గీతకు ఇంకా పైనే ఉంది.

"ఇంకా ఎవరిదో ఉంది," అంటారు అనంతశయనం గారు.

అందరూ ఉరుకుందమ్మ వైపు చూస్తారు. ఆమె బెల్టు కుడుతూ తల ఎత్తదు. కుట్టు కుట్టుకూ ఆమె పెదవులు కదులుతున్నాయి. సంగతి అప్పటికి అందరికీ అర్థమవుతుంది. తక్కినవాళ్ళు గుమ్మం దగ్గర ఒక్కసారి అన్నారు. ఆమె ప్రతి కుట్టులోనూ అంటూనే ఉంది.

"నేనియ్యను సార్," అంటుంది. "ఇచ్చేస్తే రేపు నా మొగున్ని ఏమని పిలుచుకోవల్ల?"

"ఇవ్వకపోతే పిలుచుకోవడానికి మనిషి ఉండడమ్మా."

ఆయన ఆ మాట మెత్తగానే అంటారు. మెత్తగా అన్నందుకు ఆమెకు మరింత కోపం వస్తుంది. మిషను మీద గుడ్డ కప్పి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోతుంది.

ఇంట్లో మళ్ళీ ఫోను మోగుతోంది. ఈసారి మంచు రాలడం లేదు. బావిలో చేద మునిగినట్టు చప్పుడొస్తోంది.

"అదేం చప్పుడయ్యా?"

"నా రొమ్మే మే. నీళ్ళు పట్టినాయి. ఎత్తు మీద అట్లనే అంటాండారు, కిందికి దిగితే తగ్గుతాదంట." కాసేపు దగ్గుతాడు. "మొన్న గూడా నీ బండి కనపడింది. మే, ఒకటి చెప్తా, ఏమనుకోవద్దు. నన్ను పిలవొద్దు. నువ్వు పిలిచినప్పుడల్లా అది నీ దిక్కే తిరుగుతాది."

ఆమె ఊఁ అంటుంది. ఇంకేమంటుంది! పెళ్ళయిన కాన్నుంచి ఆ మనిషి గడప దాటిన ప్రతిసారీ ఆమె అన్నది ఆ ఒక్క మాటే. పొలానికి పోయినా, పట్నానికి పోయినా, మిలిటరీకి పోయినా, పోయి రా. అదొక్కటే ఆమె చేతిలో ఉన్న తాడు. ఇప్పుడు అవతలి కొస పట్టుకున్నవాడే వదలమంటున్నాడు.

మర్నాడు ఆమె కాటా ముందు నిలబడి నోరు తెరుస్తుంది. అది రాదు. మారెక్క వచ్చి ఆమె వీపు మీద చరుస్తుంది. మళ్ళీ చరుస్తుంది. అప్పుడు గొంతులోంచి మెల్లగా కదిలి బయటికొచ్చి, తడిసిన గోనెమూట మాదిరి నేల మీద పడుతుంది. ఇద్దరు మగవాళ్ళు ఆపసోపాలు పడి దాన్ని కాటా మీదికి ఎత్తుతారు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"ఇప్పుడు పంపండమ్మా," అంటారు అనంతశయనం గారు.

జనమంతా మొహాలు పక్కకు తిప్పుకుంటారు. అశుభం మాట అనేవాళ్ళను చూడకూడదు. ఉరుకుందమ్మ హెలికాప్టరు ముక్కు మీద చెయ్యి పెట్టి, "నా నోరు పడిపోను," అనుకుని, చిన్నగా అంటుంది.

"పో."

అది పోతుంది. వెనక్కి తిరిగి చూడదు. ఆఫీసులో ముద్ర దబ్బున పడుతుంది. ఆయన గదిలో ఈగలన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేస్తాయి. బూందీ పంచుతారు, చప్పట్లు కొడతారు, ఫోటోలు దిగుతారు. కుళ్ళాయప్ప కండువాతో కళ్ళు తుడుచుకుంటాడు. ఉరుకుందమ్మ చేతిలో ఎవరో బూందీ పొట్లం పెడతారు. ఆమె దాన్ని పట్టుకునే ఉంటుంది.

పొద్దు వాలకముందే ఫోను వస్తుంది.

"వచ్చింది మే! ఎక్కినా." వన్నూరప్ప గొంతు కడిగిన గ్లాసులా ఉంది. "రొమ్ము తేలికైంది. బెల్టు పెట్టుకున్నా. నీ కుట్టు గుర్తుపట్టినా."

ఆమె సంతోషంతో గోడ పట్టుకుని కూర్చుంటుంది.

"యాడికి వస్తాండావు?"

"ఏమో మే. ఇది పోతాంది. యాడికి అని అడిగితే, పొమ్మన్నారు అంటాది. నువ్వు ఒక మాట చెప్పు దీనికి."

ఆమె నోరు తెరుస్తుంది. నాలుక మీద ఆ మాట ఉండే చోటు పన్ను ఊడిన చిగురులా మెత్తగా, ఖాళీగా ఉంది. గాలి వస్తుంది, అంతే.

"పలకవేం మే? ఉరుకుందీ?"

తర్వాత ఫోనులో ఉత్త గాలి. ఆమె పరుగున ఆఫీసుకు పోతుంది.

"నా మాట నాకియ్యండి సార్."

"అది సర్టిఫికెట్టుకు జత చేశామమ్మా," అంటారు అనంతశయనం గారు, నిజంగానే బాధపడుతూ. "ఇప్పుడు తీస్తే ముద్ర చెల్లదు. ముద్ర చెల్లకపోతే అది ఎగరదు. అది ప్రస్తుతం గాల్లో ఉంది కదా, పడిపోతుంది."

ఆయన చెప్పినదాంట్లో ఎక్కడా తప్పు లేదు. ఆమె బయటికొచ్చి మిట్ట మీద ఉత్తరం దిక్కుకు తిరిగి నిలబడుతుంది. నోరు తెరిచి, ఆ మాట మళ్ళీ మొలుస్తుందేమోనని చూస్తూ ఉంటుంది. ఎండలు పోతాయి, వానలు వస్తాయి. మారెక్క వచ్చి నోట్లో అన్నం ముద్ద పెట్టిపోతుంది. కొన్నాళ్ళకు అదీ మానేస్తుంది. ఎవరి సంసారం వాళ్ళది.

ఒక మధ్యాహ్నం వెనక నుంచి, దక్షిణం వైపు నుంచి, రెక్కల చప్పుడు వినిపిస్తుంది.

హెలికాప్టరు తిరిగి రావడం లేదు. అది పోతూనే ఉంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి పోతూ పోతూ ఈ వైపుకు తేలింది. దూరం పోయేది చిన్నదవుతుంది, ఇది అందరికీ తెలిసిందే. దగ్గరికి వచ్చేటప్పుడే ఏదైనా మళ్ళీ పెద్దదయ్యేది. దీన్ని రమ్మన్నవాళ్ళు లేరు. అందుకని అది ఇప్పుడు పెసరగింజంత ఉంది.

అది ఆమె చెవి పక్కగా వచ్చి, ముఖం ముందు ఒక చుట్టు తిరిగి, దిగడానికి చోటు వెతుక్కుంటుంది. తెరిచి ఉన్న నోరు కనిపిస్తుంది. లోపలికి వచ్చి, నాలుక మీద ఖాళీగా ఉన్నచోట మెల్లగా దిగుతుంది. రెక్కలు ఆగుతాయి. తలుపు తెరుచుకుంటుంది.

చల్లని బూట్లు రెండు నాలుక మీద అడుగు పెడతాయి. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తాయి. అది వన్నూరప్ప నడక. వాకిట్లో ఆ కాలి చప్పుడు వింటే చాలు, ఆమె ఇన్నేళ్ళూ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది.

"ఎవురన్నా ఉండారా?" అని అరుస్తాడు అతను. అరుపు ఆమె గొంతులోకి దిగి, ఎక్కడో అడుగున తగిలి, మళ్ళీ పైకొస్తుంది.

ఒక్క అక్షరం పలికితే నాలుక కదులుతుంది, అతను పడిపోతాడు. ఆమె పలకదు. ఊపిరి కూడా ముక్కుతోనే, సన్నగా తీస్తుంది. కన్నీళ్ళు నోట్లోకి పోకుండా తల కొంచెం పక్కకు వంచుతుంది.

"ఎవురూ లేరు," అంటాడు వన్నూరప్ప హెలికాప్టరుతో. "ఈడ వెచ్చగా ఉండాది, మనుషులుండే చోటు మాదిరే ఉండాది. ఎవురో ఒకరు లోపలికి పిలిచేదాకా ఈడే ఉంటా."

బూట్లు విప్పి పక్కన పెట్టుకుంటాడు. మోకాళ్ళు ముడుచుకుని ఆమె నాలుక మీద పడుకుంటాడు. ఉరుకుందమ్మ నోరు తెరిచే ఉంచి, అడుగులో అడుగు వేసుకుంటూ, ఇంటి దావ పడుతుంది.