మూర్తి పుస్తకంలో మొదటి గడి

కరెంటు తెల్లవారుజామున వచ్చింది. పదకొండింటికి పోతుంది. పోయిన అరగంటకల్లా మంచు మీద నీళ్ళు తేలతాయి. ఈలోగా మూర్తి మా అమ్మాయి రాధ ఆట చూడాలి. సాయంత్రం విమానానికి అతను వెళ్ళిపోతాడు.

ఆ మంచును పదకొండేళ్ళు కాపాడింది మా ఆయన సత్యప్రసాద్. షాపింగ్ సెంటర్ నాలుగో అంతస్తులో స్కేటింగ్ మైదానానికి ఆయనే మెకానిక్. రాధ ఏడో ఏట అక్కడే మంచు మీద జారడం నేర్చుకుంది. మూడు నెలల క్రితం లమ్మడా పేటలో మా మేడమెట్ల మీద, నీళ్ళ డబ్బా మోస్తూ ఆయన కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. పక్కన రాధ ఒక్కతే ఉంది. నేను బడిలో ఉన్నాను. ఆ రోజు నుంచి రాధ నా మొహంలోకి చూడలేదు. నేనూ చూడలేదు.

మూర్తి ఆయన చిన్ననాటి స్నేహితుడు, మా వీధి అచ్చెన్నగారి కొడుకు. అచ్చెన్నగారు ఓడ ఇంజన్ గదిలో పనిచేసి, చివరికి జపాన్ ఉత్తరాన ఒక రేవులో స్థిరపడ్డారు. మూర్తి అక్కడ పద్నాలుగేళ్ళు జీతానికి ఐస్ హాకీ ఆడాడు. ముప్పై మూడో ఏట, ఒక ఆటలో, కర్ర ముందున్న రబ్బరు బిళ్ళ కోసం ఒక్క క్షణం తల దించాడు. ఇద్దరు వచ్చి గుద్దారు. దవడ అతికింది కానీ ఎడమ చెవికి వినికిడి తిరిగి రాలేదు, ఒక మోకాలు బాగుపడలేదు. ఇప్పుడు అదే క్లబ్బు కోసం మంచు లేని ఊళ్ళు తిరిగి ఆటగాళ్ళను వెతుకుతాడు. వాళ్ళ బాలికల జట్టులో ఒక్క చోటు మిగిలింది. పద్దెనిమిది నిండని వాళ్ళకే. రాధకు ఇంకా రెండు నెలలుంది.

"ముందు పళ్ళేవి ఊలే?" అంది రాధ, బూట్లు బిగించుకుంటూ. బాబాయిని ఇక్కడ బర్మీస్‌లో అలాగే పిలుస్తారు.

"రెండు కొరియాలో ఇచ్చీసేను. ఒకటి సొంతూళ్ళోనే. నీకేటి?"

"మరి తిండెలాగ?"

"మొహింగా సూపు తాగడానికి పళ్ళెందుకే? కబుర్లాపి దిగు."

తర్వాత నా వైపు తిరిగాడు. "వదినా, ముందే చెప్తన్నాను. వాడు నా నేస్తమే. వాడి కూతురని మాత్రం రాయను." చేతిలోని పుస్తకం చూపించాడు. ఒక్కో పేజీలో నాలుగు గడులు. "మొదటిది తల. తర్వాత కాళ్ళు. పడితే ఎలా లేస్తాదో మూడోది. కర్ర ఆఖర్న. మొదటి గడి తప్పితే మిగతావి నింపను."

రాధ బాగా ఆడింది. బిళ్ళను కర్రకు అంటించుకున్నట్టు తిప్పింది. ఒకసారి పడి, నేను లేచి నిలబడేలోపే లేచింది. అప్పుడు మూర్తి మంచు మధ్యకు వెళ్ళి నిలబడ్డాడు.

"నన్ను దాటుకుని వెళ్ళు!"

ఆమె వచ్చింది. అతనికి నాలుగడుగుల దూరంలో నడుం వంచి, తల దించి దాటింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అలాగే. మూడోసారి మూర్తి అడ్డంగా జరిగాడు. ఆమె చూడలేదు. అతనే చివరి క్షణంలో భుజం వెనక్కు లాక్కున్నాడు.

"నేనాగేను," అన్నాడు. "వాళ్ళాగరు."

కటకటాల దగ్గరకు వచ్చి పుస్తకం మూశాడు. గోడ గడియారంలో పదిన్నర దాటింది.

"ఆడపిల్లల ఆటలో గుద్దకూడదని రూలుంది వదినా. మంచుకి రూలు తెలీదు. ఈ పిల్లని తీసుకెళ్తే మెడిరగ్గొట్టి తెస్తాను. నాకు బయమేస్తంది."

నాకు అప్పుడు అర్థమైంది. పెద్దల ముందు నుంచి వెళ్ళేటప్పుడు నడుం వంచి, తల దించి దాటాలి. ఈ ఊళ్ళో అందరి పద్ధతీ అదే. మా ఆదివారం తెలుగు బడిలో మొదటి రోజు మొదటి పాఠంగా దాన్ని నేను చెప్తాను. ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. రాధకు నాలుగో ఏట, వంగేదాకా వీపు మీద చెయ్యి వేసి మరీ నేర్పాను.

"తల దించింది ఆట రాక కాదు," అన్నాను. "మీరు పెద్దవారని. నేను నేర్పిందే."

"ఎవరు నేర్పితే ఏటి? మంచు మీద తల దించింది."

"ఇంకొక్కసారి చూడండి."

"ఎంతసేపు? కరెంటు పోతాది."

నేను చెప్పులు విప్పి మంచు మీదకు దిగాను. ఒట్టి పాదాలు కాలినట్టయింది. గోడ పట్టుకుని, తర్వాత మూర్తి చెయ్యి పట్టుకుని, మధ్యకు చేరాను. అతనికి బారెడు దూరంలో నిలబడ్డాను.

"అమ్మా, పడతావు!" రాధ అరిచింది.

"మా ఇద్దరి మధ్య నుంచి రా. తల దించకు."

"నీ ముందా?"

"నా ముందే. నా మొహం చూస్తూ రా."

ఆమె కదల్లేదు. పైన దీపాలు ఒకసారి మసకబారి మళ్ళీ వెలిగాయి. మంచు కింద యంత్రం గొంతు మారింది. మూర్తి గడియారం వైపు చూశాడు.

"నాన్న కూడా..." అని ఆగిపోయింది. "ఆ రోజు మెట్ల మీద నాన్న నన్నే చూస్తన్నారమ్మా. నేనేటీ చెయ్యలేకపోయేను."

నేను పాదాలు ఎడం చేసి నిలదొక్కుకున్నాను.

"చూస్తూ రా," అన్నాను మళ్ళీ.

ఆమె వచ్చింది. తల ఎత్తే ఉంది. కళ్ళు నా కళ్ళల్లో ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి. మూర్తి ఉన్నట్టుండి అడ్డంగా కర్ర చాపాడు. ఆమె అది చూసి బిళ్ళను అతని కాళ్ళ మధ్య నుంచి తోసి, నా చీర చెంగు ఎగిరేలా దాటిపోయింది. తిరగబోయిన మూర్తి పాడైన మోకాలు మడతపడి మంచు మీద కూర్చున్నాడు.

"ఊలే! దెబ్బ తగిలిందేటి?"

"మళ్ళీ రా!" అన్నాడు లేవకుండానే.

నాలుగు సార్లు రప్పించాడు. ఒక్కసారీ తల దిగలేదు. ఐదోసారి మొదలుపెట్టబోతుంటే కరెంటు పోయింది. మూర్తి ఫోను వెలుతురులో పుస్తకం తెరిచి, మొదటి గడిలో ఏదో రాశాడు. తర్వాత రెండోది. తర్వాత మిగతా రెండూ.

"పాస్‌పోర్టు ఉందేటి వదినా?"

"ఉంది. ఆయన తీయించారు."

గట్టు ఎక్కుతూ రాధ నా ముందు నుంచి దాటాల్సి వచ్చింది. అలవాటు ప్రకారం నడుం వంచబోయింది. నేను గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపాను.