పియానో గదిలో బకెట్లు

మా కాలేజీ లైబ్రరీ కప్పు కారుతుందన్న సంగతి గడప దాటకూడదని మా ప్రెసిడెంటు థర్మన్ గిల్యార్డ్ పంతం. అలబామాలో నల్లవాళ్ల కాలేజీలకు ఏం కావాలో గవర్నరుకు చెప్పే సలహా మండలి ఆ రోజు మమ్మల్ని చూడ్డానికి వస్తోంది. వాళ్లు గట్టిగా చెబితే కొత్త కప్పు, లేకపోతే వేసవికి లైబ్రరీకి తాళం. ఈ మహానుభావుడేమో పొద్దున్నే బకెట్లన్నీ పియానో గదిలో దాయించాడు.

"చూడ్డానికొచ్చేవాళ్ల దగ్గర దాచడమేంటండీ?" అన్నాను. నేను పాటల టీచర్ని. ఆయనతో పోట్లాడేది నేనొక్కదాన్నే.

"రెనెటా, మా అమ్మ నాకున్న ఒక్క చొక్కానీ ఇస్త్రీ చేసి మరీ బడికి పంపేది. చిరుగులు చూపించి అడుక్కోవడం మా ఇంటా వంటా లేదు."

లైబ్రరీలోనే బల్లల మీద తెల్లబట్టలు పరిచి, వేయించిన కోడీ కేకూ పెట్టాం. మండలి అధ్యక్షురాలు లుటీషియా మెక్‌వే చర్చికి పెట్టుకునే ఊదారంగు ఈకల టోపీతో వచ్చింది. ఆవిడ కూర్చుందో లేదో వాన మొదలైంది. నీళ్ల చప్పుడు వినబడకుండా నేను పిల్లల చేత గొంతులు చించుకునేలా పాడించాను. ఇంతలో ఒక చుక్క టప్పున ఆవిడ టోపీ మీదే పడింది. అందరం కేకు వంక చూశాం. ఆవిడ మాత్రం కదల్లేదు.

"ఏమయ్యా ప్రెసిడెంటూ, బకెట్లెక్కడ దాచావు?"

ఆయన చూపు పియానో గది తలుపు మీదికి పోయింది.

"మా కాలేజీలో మేమూ దాచేవాళ్లం. వచ్చిన పెద్దలు కేకు తిని, అంతా బాగుందని చెప్పి పోయారు. ఇప్పుడక్కడ పెట్రోలు బంకుంది. ఆ ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరుగు నాయనా, ముచ్చటే. డాక్టరు దగ్గర కూడా విప్పనంటే ఎట్టా?"

గిల్యార్డ్ లేచాడు. సూటూ టై మీదే పియానో గదిలోకి వెళ్లి, బకెట్లు తనే మోసుకొచ్చాడు. సాయం పోతే నన్ను రానివ్వలేదు. మొదటిది ఆవిడ కుర్చీ పక్కనే పెట్టాడు. అన్నేళ్లు పోట్లాడిన మనిషి మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

ఆవిడ ఆ కారే చోటు నుంచి లేవకుండానే, మండలిని ఆ బకెట్ల మధ్యే కూర్చోబెట్టి సమావేశం నడిపింది. గవర్నరును ముందు ఈ కప్పే అడగాలని అందరూ చేతులెత్తారు.

ఆవిడ వెళ్లేటప్పుడు తువ్వాలు పట్టుకుని పరిగెత్తాను. టోపీ ఈకలు వేలాడిపోయాయి, ఊదారంగు నుదుటి మీదికి కారుతోంది.

"ముట్టుకోకమ్మాయ్," అంది. "రేపు గవర్నరు దగ్గరికి దీన్నే పెట్టుకుపోతా."