పెద్దవల వాటా

రోజలిన్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. గోపాలపట్నం మార్కెట్ వెనక ఆమె టైలరింగ్ షాపుకొచ్చేవాళ్లు కొలతలిచ్చేటప్పుడు కూడా ఆచితూచి మాట్లాడతారు. అలాంటి మనిషి జాలర్ల ఊరు యారాడ ఒడ్డున కరపత్రాలు పట్టుకుని నిలబడితే, ఒక్కరంటే ఒక్కరు చెయ్యి చాపలేదు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

విషయం చిన్నదేం కాదు. ఊరి పైనున్న కొండ మీద పరాయి దేశపు సైన్యమొకటి క్షిపణుల్ని పసిగట్టే రాడార్ కేంద్రం పెడతానంటోంది. సముద్రంలో ఇదిగో హద్దు అని వాళ్లు గీత గీస్తే, ఇక అటు పడవ పోకూడదు. పైగా రేపెప్పుడైనా ఆ దేశానికీ మరో దేశానికీ చెడితే మొట్టమొదటి బాంబు పడేది ఈ కొండ మీదే. రక్షణ పేరు చెప్పి మన నెత్తికి గురి పెట్టిస్తున్నారని చర్చి మెట్ల దగ్గరా, సిటీ బస్సుల్లోనూ, ఉక్కునగరం క్వార్టర్ల ముందూ చెప్పీ చెప్పీ రోజలిన్ గొంతు పోయింది. త్వరలో యారాడలోనే ప్రజాభిప్రాయ సేకరణ. ఆ రోజు ఊరు నోరు విప్పకపోతే, అభ్యంతరం లేదని రాసేసుకుని పోతారు. సిటీలో శాంతి కమిటీ వాళ్లంతా ఊరిని కదిలించే పని ఈమె మీద పెట్టారు. ఊరేమో ఉలకదు, పలకదు.

ఆ పూట ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. తాళ్లు పట్టడానికి మనుషులు చాల్లేదు. చేపలమ్మే చిట్టమ్మ ఈమెను చూసి, ఆ కాగితాలు పక్కన పెట్టి ఓ చెయ్యి వెయ్యమంది. సరే కానిమ్మని రోజలిన్ కుచ్చిళ్లు ఎత్తి దోపింది. సముద్రం ఊరికే ఇస్తుందా మరి. అరచేతులు బొబ్బలెక్కాయి, నడుం పట్టేసింది. చివరికి వల నిండా వేలెడేసి నెత్తళ్ల చేపలు వచ్చిపడ్డాయి. వల పెద్ద నూకాలు ఇసుకలో కుప్పలు పోయించాడు. తాడు పట్టిన ప్రతి మనిషికీ వాటా ఉంటుంది, అది అక్కడి కట్టుబాటు. రోజలిన్ ముందు కూడా ఒక కుప్ప పోశారు.

"నాకెందుకు బాబూ, మీ పిల్లలకి వండి పెట్టండి" అంది రోజలిన్. మర్యాదనుకుంది పాపం.

చిట్టమ్మ మొహం మాడిపోయింది. మగవాళ్లు తలలు తిప్పేసుకున్నారు. నూకాలు మాత్రం నెమ్మదిగానే అడిగాడు.

"సేపలు పడ్డ నాడు వాటా వద్దంతన్నావు. ఏటీ పడని నాడు మాతో తాడు లాగుతావా అమ్మా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇదివరకు వేరే ఏదో గొడవలో సిటీ వాళ్లు ఇలాగే వచ్చి ఊరిని ధర్నాలో కూర్చోబెట్టారట. పేపర్లో ఫొటోలు వాళ్లవి పడ్డాయి, కేసులు ఊరి మగవాళ్ల మీద పడ్డాయి. నూకాలు తమ్ముడు అప్పలరాజు కోర్టు చుట్టూ తిరిగి తిరిగి పడవ అమ్ముకున్నాడు. వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా మళ్లీ అతని గుమ్మం తొక్కలేదు.

రోజలిన్‌కి ముందు కోపమే వచ్చింది. నేనలాంటిదాన్నా అని అడగబోయింది. కాదనడానికి తనేం చేసి చూపించింది గనక? సిగ్గుతో చచ్చిపోయింది. కొంగు పట్టి, తన వాటా తనకి పెట్టమని అడిగింది.

ఆ తర్వాత షాపుకి తాళం వేసి మరీ వల పూటలకి వచ్చేది. ఒకనాడు వలలో నాచూ, ప్లాస్టిక్ చెత్తా తప్ప ఏమీ రాలేదు. అందరిలాగే ఆమె కూడా ఒట్టి చేతుల్తో లేచింది. చిట్టమ్మ పిలిచి టీ ఇచ్చి, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పమంది. వినడానికి ఇంకో నలుగురు చేరారు. మేం వస్తామని మాత్రం ఎవరూ అనలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు టెంటు నిండిపోయింది. రాడార్ కేంద్రం తరఫున వచ్చినాయన ఉద్యోగాలనీ, రోడ్లనీ తియ్యతియ్యగా చెప్పి కూర్చున్నాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు పేరూ, తండ్రి పేరూ పక్కనే కూర్చున్న పోలీసు ఇన్‌స్పెక్టర్ గారి దగ్గర రాయించి మాట్లాడాలన్నారు. ఒక్కరూ లేవలేదు. అప్పలరాజు నేల చూస్తున్నాడు. రోజలిన్‌కి తన షాపు గుర్తొచ్చింది. కేసంటే షాపు మూత పడుతుంది, స్టేషన్ చుట్టూ తిరగాలి. అయినా లేచింది.

"నాకు అభ్యంతరం ఉందండి. నా పేరు రోజలిన్. రాసుకోండి."

ఈ ఊరిదానివి కానప్పుడు నీకేం సంబంధమని ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. ఆమె నోరు తెరిచేలోగా వెనక నుంచి నూకాలు లేచాడు.

"ఆయమ్మ మా వలలో వాటాదారండి. ముందు ఆయమ్మ పేరు రాయండి. రెండోది నాది, నూకాలు."

చిట్టమ్మ లేచింది. ఆమె వెనక ఆడవాళ్లు లేచారు. కుర్చీలు జరిపి జనం వరస కట్టారు. అందరినీ దాటుకుంటూ అప్పలరాజు ముందుకొచ్చాడు. అతని మాట టెంటు చివరిదాకా వినబడింది.

"పేరు మీకాడ ఉంటాదండి, ఇదివరకోసారి రాసుకున్నారు గదా. అప్పలరాజు."