ఆరో పాట దగ్గర వెర్లీన్

1979లో మెంఫిస్‌లో ఆ వారమంతా గాయని వెర్లీన్ పొద్దున్నే స్టూడియోకి వచ్చి, సగం కాఫీ వదిలేసి మైకు ముందు నిలబడేది. పాడేవన్నీ ఒకప్పుడు వేరేవాళ్లు పాడిన రిదమ్ అండ్ బ్లూస్ పాటలే. ఏ పాటను మొదటిసారి ఏ వయసులో విన్నదో, పాడుతుంటే ఒంటితో సహా ఆ వయసుకు వెళ్లిపోయేది. పదమూడో ఏట విన్న పాటకు మైకు కాస్త దించేవారు, అంతే. రికార్డయింది చివరిదాకా వినిపిస్తే మళ్లీ యాభై ఏళ్ల మనిషయ్యేది.

బేస్ గిటార్ వాయించే ఆమె భర్త క్లోవిస్‌కు మాత్రం ఆరో పాటంటే గుండెల్లో రాయి పడేది. అది ఆమె పంతొమ్మిదో ఏట విన్నది. అప్పటికి ఇతనెవరో ఆమెకు తెలియదు. ఆ ఏడే డెట్రాయిట్‌లో పాడటానికి పిలుపొచ్చి బస్సెక్కబోతున్న పిల్లను, పరిచయమైన రోజే వెళ్లొద్దని ఆపేశాడు. ఆమె ఎన్నడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేదని అతనికి చాలాసార్లు అనిపించింది.

ఆ రోజు ఆరో పాట బ్రహ్మాండంగా వచ్చింది, కానీ చివర్లో ఎవరో దగ్గారు. ఇంజనీరు డ్వైట్ పాత అలవాటు కొద్దీ బ్లేడుతో దగ్గున్న ముక్క కోసి టేపు అతికించేశాడు. ఇది కొత్త డిజిటల్ యంత్రమనీ, దీని టేపుకు బ్లేడు తగలకూడదనీ గుర్తే లేదు. వినిపిస్తే పాట అతుకు దగ్గర ఠక్కున ఆగిపోయింది. వెర్లీన్ పంతొమ్మిదేళ్ల దగ్గరే ఉండిపోయింది.

"నా బుద్ధి గడ్డి తిన్నది. మళ్లీ పాడిద్దాం క్లోవిస్, పూర్తిగా వింటే వచ్చేస్తుంది," అన్నాడు డ్వైట్.

ఆమెకు కాలు నిలవడం లేదు. తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి క్లోవిస్‌ను అడిగింది.

"పెద్దాయనా, డెట్రాయిట్ బస్సు ఎన్నింటికో తెలుసా?"

ఆ గొంతు వినగానే అతనికి ఏడుపొచ్చింది. మళ్లీ పాడమంటే పాడుతుంది. అప్పుడూ అంతే, తన ఒక్క మాటకే ఆగిపోయింది.

"నాలుగుంబావుకి. పద, నేను దింపుతాను," అన్నాడు.

దారిలో బార్బెక్యూ శాండ్‌విచ్ కొనిపెట్టాడు. బస్సెక్కి ఆమె తిన్నగా వెనక సీట్లకేసి నడిచింది. ఆమె పంతొమ్మిదో ఏట నల్లవాళ్ల చోటు అక్కడే. క్లోవిస్ వెంటే ఎక్కి ఆపాడు.

"ముందు కూర్చో తల్లీ. ఇప్పుడెవరూ ఏమీ అనరు."

ఆమె బెరుకుగా మొదటి సీట్లో కూర్చుని, అతను దిగాక కిటికీ తెరిచింది.

"తెలిసినవాళ్లందరూ వద్దన్నారండీ. మీరొక్కరే వెళ్లమన్నారు."

అతను తలూపాడు. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.