ఉదర సామ్రాజ్యంలో చివరి క్షవరం

సారంగపాణి కత్తి నాభికి నాలుగంగుళాల పైన ఆగిపోయింది. కింద పొట్ట ఎగిరిపడుతోంది. పడిన మరుక్షణమే మళ్లీ లేస్తోంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు ముందు ఉదరసీమలను శత్రుశేషం లేకుండా గొరిగి అప్పగించిన క్షురక చక్రవర్తికి, ఉద్యోగ విరమణ నాడే ఇంతటి ప్రతిఘటన ఎదురైంది.

రెండు సెంటీమీటర్లు ఉండవలసిన మహాధమని, అంటే గుండె నుంచి కిందికి రక్తం మోసే పెద్ద నాళం, ధర్మసాగర్ రైతు ఎల్లస్వామి కడుపులో పదమూడుకు ఉబ్బింది. ఏ క్షణాన్నయినా పగలవచ్చు. చూసిపోయే వైద్య విద్యార్థులతో వార్డు జాతరలా ఉంది. సారంగపాణి నాడి రెండు దెబ్బల నడుమ చిక్కే విరామంలో ఒక్కొక్క గీతే గీస్తూ, మొలతాడు దాకా వచ్చి కత్తెర తీశాడు.

ఎల్లస్వామి అతని చేయి పట్టుకున్నాడు. "తెంపకు తమ్మీ. సచ్చినోనికే తెంపుతరు. గట్లయితే నాకు ఆపరేషనే వద్దు, ఇంటికి పోత."

"బస్సుల ఒక్క గతుకు చాలు, పగుల్తది అన్నా!"

"పగలనియ్. మొలతాడుతోనే పోత."

సర్జన్ లావణ్య అప్పటికే రెండుసార్లు కబురు పెట్టింది. సారంగపాణి కత్తెర జేబులో వేసుకొని, పిన్నీసుతో ముడిని ముట్టడించాడు. ఏళ్ల చెమటకు రాయైన ఆ కోట పావుగంటకు గానీ లొంగలేదు. విప్పిన తాడును తన నడుముకే కట్టుకున్నాడు.

"తెగలే. నువ్వు లేచేదాంక నా మీదుంటది."

"నీకు రెండా?"

"ఒక్కదినం ఇద్దరి లెక్క బతుకుత తియ్!"

ఎల్లస్వామి నవ్వాడు. "జల్ది తీస్కపొండ్రి," అన్నాడు.

వేలమందిని థియేటర్‌కు సాగనంపిన సారంగపాణి, లోపల ఎవరికేమైందో ఎన్నడూ అడిగి ఎరగడు. ఇవాళ మాత్రం తలుపు దగ్గర ఐదు గంటలు నిలబడ్డాడు. మూడింటికి లావణ్యే తలుపు తీసింది.

"పాణన్నా, కొత్త గొట్టం కుట్టినం. రక్తం కాళ్లలకు దిగింది. రా, కాళ్లు ముట్టుకొని చూడు."

చెప్పులు బయటే విడిచి, తన జీవితంలో మొదటిసారి ఆ గడప దాటాడు. రెండు పాదాలూ పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి! మత్తులో ఉన్న ఎల్లస్వామి నడుము మీద కట్టు ఉన్నందున, తన నడుము నుంచి మొలతాడు విప్పి అతని మణికట్టుకు చుట్టి ముడివేశాడు.

"వెచ్చగున్నయి! రెండూ వెచ్చగున్నయి!" అని ఎదురైన నర్సుకూ, లిఫ్టువాడికీ, గేటు దగ్గర కాపలాదారుకూ చాటింపు వేస్తూ నడిచాడు. సన్మానం కోసం ఆఫీసుకు వెళ్లడం మరిచి, తన ఊరు రఘునాథపల్లి బస్సెక్కాడు. ఇరవై తొమ్మిదేళ్ల కొలువు అలా ముగిసింది.

థియేటర్ గడప ముందు, మడమలరిగిన అతని చెప్పులు లోపలి వైపు తిరిగి ఉన్నాయి.