మేళం కట్టేవాడి దవడ

మా ఆయన జగన్నాధం నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదని మొదట కనిపెట్టింది నేను. ముద్దను చిదుపుకుని తినేవాడు. తర్వాత అన్నం మానేసి గంజిలోకి దిగాడు. పొద్దున లేస్తే కణతలు పట్టుకుంటాడు, నమలబోతే చెవి ముందు టక్కుమంటుంది. ఏమైందంటే చెప్పడు. పిలిస్తే పలకడం మానేసి అప్పటికే రెండేళ్ళు కాబట్టి అది నాకు కొత్త కాదు. మనిషి చిక్కిపోతున్నాడని మాత్రం భయం పట్టుకుంది.

విజయనగరం తీసుకెళ్ళి పళ్ళ డాక్టరమ్మకు చూపించాను. ఆవిడ దవడలు నొక్కి, పళ్ళన్నీ తట్టి చూసి, చెడ్డ జబ్బేమీ లేదంది. "పళ్ళు బిగబట్టేస్తున్నారు. తినేటప్పుడు తప్ప పై పళ్ళూ కింద పళ్ళూ తగలకూడదు. పెదాలు మూసుకోండి, పళ్ళు వదిలేయండి. నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించి ఉంచండి." వేడి నీళ్ళలో పిండిన తుండుతో కాపడం పెట్టమంది, గట్టివి నమలొద్దంది, ఆవలింత వస్తే గడ్డం కింద చెయ్యి పెట్టుకోమంది. ఆయన అన్నిటికీ తలూపాడు.

చెప్పినవన్నీ చేయించాను. చేయించానంటే, ఎదురుగా నిలబడి చేయించాను. అద్దం మీద, నీళ్ళ కుండ మీద, టీవీ మూల నా బొట్టుబిళ్ళలు అంటించి, అవి కంటపడినప్పుడల్లా దవడ వదులు చెయ్యాలన్నాను. "ఇంటినిండా ఈ బొట్లేటే," అని విసుక్కున్నాడు గాని చేశాడు. ఆదివారానికి అన్నం తిన్నాడు. సోమవారం సాయంత్రానికి నోరు మళ్ళీ మూతపడింది. ఆ పై వారమూ అంతే. ఇంట్లో ఉంటే వదులు, పనికెళ్తే బిగుపు. అక్కడేదో ఉందని తెలియడానికి డాక్టరు అక్కర్లేదు.

ఆయన పని వీణకు మేళం కట్టడం. పనసమొద్దు తొలిచేవాళ్ళు తొలిచి, చెక్కేవాళ్ళు చెక్కాక వీణ ఆయన దగ్గరికి వస్తుంది. నల్లమైనం వేడిచేసి, వీణ మెడలాంటి దండి మీద గట్టులా పరిచి, ఇత్తడి మెట్లు ఒక్కొక్కటే తీగ మీటి, విని, దాని చోట నిలబెట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా వీణ వెనక్కి వస్తుంది. బొబ్బిలిలో మా మరిది ఎల్లాజీ షెడ్డులో ఆ పని ఆయనొక్కడిదే. మా ఇల్లు నడిచేదీ దాని మీదే.

మంగళవారం మెత్తగా పిసికిన పెరుగన్నం పట్టుకుని, చెప్పకుండా షెడ్డుకెళ్ళాను. ముందువైపు ఉలుల మోత. అక్కడ మాట వినబడదు, అందరివీ చేతి సైగలే. మా ఆయన వెనక గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నోట్లో జానెడు కర్రపుల్ల. దాని రెండో కొస వీణ దండికి ఆనుకుని ఉంది. తీగ మీటుతున్నాడు, మెట్టు జరుపుతున్నాడు, మళ్ళీ మీటుతున్నాడు. పుల్లను కొరికిన కొరుకుడికి దవడ కండ నిమ్మకాయంత ఉబ్బింది.

పిలిచాను. మళ్ళీ పిలిచాను. భుజం తట్టేదాకా తిరగలేదు.

"సెవులు పోనాయా?" అన్నాను ఎదురుగా కూర్చుని.

నా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "పోనాయి. పంటితో అయితే ఇనబడతాది. ఎవులికీ సెప్పకే. సెవిటోడు కట్టిన మేళం ఎవులు కొంతారు?"

"మిషను ఎట్టించుకోవచ్చు కదా."

"సెవిలో మిషను సూసినాక నాకింక వీణ ఇత్తారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు నా చేత గొంతు చించుకునేలా పిలిపించుకున్నాడు, పొగరనుకుంటే అనుకోనిచ్చాడు, ఒక్క మాట చెప్పలేదు. పుల్ల లాక్కున్నాను, విరిచి పారేద్దామనే. విరిచేముందు అసలేం వినబడుతుందో చూద్దామని పళ్ళ మధ్య పెట్టుకుని తీగ మీటాను.

అమ్మో. ఇన్నేళ్ళు వీణల మధ్య బతికినదాన్ని, ఆ నాదం ఎప్పుడూ అలా వినలేదు. తలంతా నిండిపోయింది. ఈసారి కొరక్కుండా, పుల్లను పళ్ళకు ఊరికే తగిలించి మీటాను. అంతే నిండుగా వినబడింది.

పుల్ల తిరిగి ఇచ్చేశాను. "కొరకక్కర్నేదు. ఆనిస్తే సాలు. బయంతో కొరికేస్తన్నావు నువ్వు."

ఆనించి చూశాడు. నిజమేనన్నట్టు తలూపాడు. గుమ్మం దగ్గర ఎవరిదో నీడ కదిలినట్టయి అటు చూశాడో లేదో, కండ మళ్ళీ ఉబ్బింది. ఈ భయం ఉన్నన్నాళ్ళు ఈ మనిషి దవడ వదలదు. లేచి వెళ్ళి ఎల్లాజీని పిలుచుకొచ్చాను.

మా ఆయన నావైపు చూసిన చూపు గురించి చెప్పను. కానీ పుల్ల దాచలేదు. "ఒరే ఎల్లాజీ, నాకు సెవులు పోనాయిరా. పంటితో కడతన్నాను," అన్నాడు.

ఎల్లాజీ, అన్న పొద్దున కట్టి గోడకు చేర్చిన వీణ తీసి ఒళ్ళో పెట్టుకుని మొదటి మెట్టు మీటాడు. ఆగి, విని, ఇంకోటి. మా ఆయన వాడి మొహం చూస్తున్నాడు. నేను మా ఆయన దవడ చూస్తున్నాను. ఆఖరి మెట్టయ్యాక ఎల్లాజీ తీగలు తుడుస్తూ, తలెత్తకుండానే, "అన్నీ సరిగున్నాయి వదినా. మిగతావి కూడా అన్నయ్యే కట్టాల," అన్నాడు.

ఆ మాట మా ఆయనకు అందలేదు. చెవికి నోరు ఆనించి గట్టిగా అరిచి చెప్పాను.

ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. "మళ్ళీ సెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను.